ఆరు వేలలో చేతికి పెట్టుకునే హార్ట్ రేట్ వాచ్: సైకిల్‌కీ, పరుగుకీ ఒకటే సరిపోతుందా?

బ్రూక్‌ఫీల్డ్ నాన్న (సోమవారం, రాత్రి 10:12)

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్ళు. మాది గుంటూరు, పదకొండేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాం. ఆఫీసు హెల్త్ చెకప్‌లో బీపీ, కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్నాయని తేలింది. వ్యాయామం మొదలుపెట్టండి, గుండె వేగం మాత్రం 150 దాటనివ్వకండి అని అక్కడి డాక్టరు గారు చెప్పారు. వారంలో మూడు రోజులు కుందలహళ్ళి చెరువు చుట్టూ పరుగు, ఆదివారం సైకిల్.

రెండున్నర వేలు పెట్టి ఒక బ్యాండ్ కొన్నాను. మొన్న మంగళవారం మా అమ్మాయితో కబుర్లు చెప్పుకుంటూ మెల్లగా పరుగెత్తితే 171 చూపించింది. ఇరవై నిమిషాలు ఆ అంకె దాదాపు కదల్లేదు. నిన్న నంది కొండ ఎక్కాను. చివరి వంపుల్లో నోట మాట రావడం లేదు. సైకిల్ దిగి రాతి గోడ మీద కూర్చున్నాను. అప్పుడు చూస్తే 104.

మా ఆవిడ నా ఫోన్‌లో ఆ 171 చూసింది. 2021 అక్టోబరులో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గారు 46 ఏళ్ళకే పోయినప్పటి నుంచి మా ఇంట్లో గుండె అన్న మాట వినబడితే చాలు, టెన్షన్. ఆ రోజంతా తను నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆరు వేల లోపు, మణికట్టుకి పెట్టుకునేది, రెండింటికీ నమ్మదగ్గది ఏదైనా ఉంటే చెప్పండి.

నంది రెండుసార్లు (సోమవారం, రాత్రి 10:40)

అన్నా, మీ 171 తప్పు, 104 కూడా తప్పు. తేడా బ్రాండులో లేదు, మణికట్టులో ఉంది.

వాచ్ వెనక ఆకుపచ్చ లైట్లు వెలుగుతుంటాయి చూడండి. ఆ వెలుగు చర్మంలోకి పోతుంది, రక్తం కొంత పీల్చుకుంటుంది, మిగిలింది వెనక్కి వస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం ఎక్కువై వెనక్కొచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను వాచ్ లెక్కపెడుతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు బాగానే పనిచేస్తుంది. పరుగులో చెయ్యి ఊగుతుంది, అడుగు అడుగుకీ అదురుతుంది, వాచ్ ఆ అదురునే గుండె చప్పుడు అనుకుంటుంది. దీన్ని క్యాడెన్స్ లాక్ అంటారు. పరుగులో మామూలు మనిషి నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేస్తాడు. మీ 171 మీ అడుగుల లెక్క.

సైకిల్ మీద ఇంకా అన్యాయం. హ్యాండిల్‌బార్ పట్టుకుంటే మణికట్టు వంగుతుంది, పిడికిలి బిగుస్తుంది, నరాలు కదులుతాయి, గుంతల రోడ్డు అదురంతా నేరుగా చేతికే వస్తుంది. తెల్లవారుజామున నందిలో చలికి చర్మంలో రక్తం కూడా తగ్గుతుంది. 104 రాక ఏమొస్తుంది?

ఛాతీకి కట్టే బెల్ట్ కొనండి. అది వెలుగుతో పనిచెయ్యదు, ఈసీజీ లాగా గుండె కరెంటునే పట్టుకుంటుంది. పోలార్ కంపెనీ వాళ్ళు వైరు లేని హార్ట్ రేట్ మీటర్ తెచ్చింది 1982లో. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆటగాళ్ళు నమ్మేది ఆ బెల్ట్‌నే. పోలార్ హెచ్10 మీ బడ్జెట్ దాటుతుంది. కూస్పో, మజీన్ లాంటివి నేను చూసినప్పుడు మూడు వేల చుట్టుపక్కల ఉన్నాయి. వాచ్ లేకపోయినా ఫోన్‌లో బ్లూటూత్‌తో కలుపుకోవచ్చు.

లాల్‌బాగ్ అక్క (సోమవారం, రాత్రి 11:05)

ఆయన అడిగింది మణికట్టుకి పెట్టుకునేది. మీరు ఛాతీకి కట్టుకోమంటున్నారు. అడిగినదానికి జవాబు చెప్పండి.

నాకు 51. ఆరేళ్ళుగా మణికట్టు వాచ్‌తోనే పరుగెత్తుతున్నాను, మూడు హాఫ్ మారథాన్‌లు చేశాను. తమ్ముడూ, వాచ్‌ని మణికట్టు ఎముక మీద పెట్టుకోకండి. రెండు వేళ్ళ వెడల్పు పైకి జరిపి, కదలకుండా బిగించండి. పరుగయ్యాక వదులు చేసుకోండి. మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు నడవండి, ఒళ్ళు వేడెక్కాక అంకె కుదురుకుంటుంది. సమంగా పరుగెత్తేవాళ్ళకి అది చాలు.

ఇంకో పని చెయ్యండి. రేపు పరుగులో అర నిమిషం పాటు కుడికాలు ఎన్నిసార్లు నేలకు తగిలిందో లెక్కపెట్టండి.

అనంతపురం సైకిల్ (సోమవారం, రాత్రి 11:20)

నాకైతే ఊపిరే మీటర్ అప్పా. మాట్లాడగలిగితే తొక్కు, మాట్లాడలేకపోతే తగ్గించు. ఇరవై ఏండ్లుగా అంతే.

మాత్రల కొట్టు (సోమవారం, రాత్రి 11:31)

అన్నా, బీపీకి మాత్ర ఏమైనా వేసుకుంటున్నారా? ఏ మాత్ర?

ఉల్సూరు గాలి (మంగళవారం, ఉదయం 6:50)

గార్మిన్ ఫోర్‌రన్నర్ 55 వాచ్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే చూడండి. బయటి బెల్ట్‌ని తీసుకుంటుంది. దాని సొంత రీడింగ్‌ని ఏఎన్‌టీ ప్లస్ (బ్లూటూత్ లాంటి వైర్‌లెస్ పద్ధతి) మీద, హ్యాండిల్‌కి పెట్టే సైకిల్ కంప్యూటర్‌కి కూడా పంపుతుంది. చవక బ్యాండ్లలో చాలావాటికి బెల్ట్ కలపడం కుదరదు. కొనేముందు అదొక్కటి అడగండి.

బ్రూక్‌ఫీల్డ్ నాన్న (మంగళవారం, ఉదయం 7:45)

లెక్కపెట్టాను అక్కా. అర నిమిషానికి కుడికాలు 43. అంటే నిమిషానికి 86, రెండు కాళ్ళూ కలిపి 172. బ్యాండ్‌లో అప్పుడు 170. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నాళ్ళూ నా అడుగులు చూసుకుని భయపడుతున్నానన్నమాట.

నంది రెండుసార్లు (మంగళవారం, ఉదయం 8:10)

చూశారా? అక్కే నా మాట రుజువు చేశారు. ఎంత పైకి జరిపినా, ఎంత బిగించినా క్యాడెన్స్ లాక్ పడితే అంతే. ఇంటర్వల్స్ చేసేవాళ్ళకైతే మరీ కష్టం. ఒక నిమిషం గట్టిగా పరుగెత్తి ఆగితే, ఆగాక గానీ వాచ్‌లో అంకె పైకి రాదు.

లాల్‌బాగ్ అక్క (మంగళవారం, ఉదయం 9:02)

ఆయన ఇంటర్వల్స్ చెయ్యడం లేదు. చెరువు చుట్టూ మెల్లగా పరుగెత్తుతున్నారు. ఆ బ్యాండ్ ఒకటి తప్పు చూపిస్తే మణికట్టు వాచ్‌లన్నీ తప్పేనా?

మీ బెల్ట్ కూడా దేవుడేం కాదు. పొడిగా కట్టుకుంటే మొదటి కొన్ని నిమిషాలు 200 పైన కూడా చూపించొచ్చు. గాలికి సింథటిక్ చొక్కా రెపరెపలాడితే అంకెలు ఎగురుతాయి. ఎలక్ట్రోడ్లు తడపాలి, వాడిన ప్రతిసారీ కడగాలి, ఏడాది రెండేళ్ళకి పట్టీ సాగిపోతుంది. ఇవేవీ మీరు చెప్పలేదు.

నంది రెండుసార్లు (మంగళవారం, ఉదయం 9:30)

తడపడం ఒక కష్టమా? రెండు చుక్కల నీళ్ళు. కొత్తవాళ్ళకి 'మణికట్టు చాలు' అని చెప్పడం తప్పు, అంతే. అన్న వయసుకి 220 లోంచి 43 తీస్తే గరిష్ఠం 177. దాంట్లో 150 అంటే 85 శాతం. ఆ హద్దు దాటకూడదంటే కొలత సరిగ్గా ఉండాలి కదా?

లాల్‌బాగ్ అక్క (మంగళవారం, ఉదయం 10:15)

220 లోంచి వయసు తీసే లెక్క పాతది. 2001లో వచ్చిన లెక్క ప్రకారం 208 లోంచి, వయసుని 0.7తో హెచ్చవేసి తీసెయ్యాలి.

నంది రెండుసార్లు (మంగళవారం, ఉదయం 10:22)

అలా చేసినా 43కి 178 వస్తుంది. ఒక్క అంకె తేడా. 60 ఏళ్ళకి 160, 166 అని తేడా వస్తుంది గానీ నలభైల్లో రెండూ ఒకటే. ఎందుకీ వాదన?

లాల్‌బాగ్ అక్క (మంగళవారం, ఉదయం 10:30)

ఎందుకంటే ఆ రెండూ సగటు లెక్కలు. మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ ఉండడం మామూలే. మీరేమో 177 రాతి మీద చెక్కినట్టు మాట్లాడుతున్నారు.

మాత్రల కొట్టు (మంగళవారం, మధ్యాహ్నం 1:05)

బ్రూక్‌ఫీల్డ్ అన్నా, మళ్ళీ అడుగుతున్నా. బీపీ మాత్ర?

నంది రెండుసార్లు (మంగళవారం, మధ్యాహ్నం 1:40)

అక్కా, మీరు వాచ్ కంపెనీలను ఎందుకింత వెనకేసుకొస్తున్నారో నాకు అర్థం కావడం లేదు. 104 చూపించిన బ్యాండ్‌ని నమ్మి ఆయన ఇంకో వంపు ఎక్కి ఉంటే? సీరియస్‌గా చేసేవాళ్ళెవరూ మణికట్టు అంకె చూడరు.

లాల్‌బాగ్ అక్క (మంగళవారం, మధ్యాహ్నం 2:20)

'సీరియస్‌గా చేసేవాళ్ళెవరూ.' సరే, ఆ మాట మీ నోటితోనే వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

మొదటి హాఫ్ మారథాన్‌కి నేను బెల్ట్ కట్టుకునే వెళ్ళాను. 21 కిలోమీటర్లయ్యాక ఇంటికొచ్చి నీళ్ళు పోసుకుంటే అరుపొచ్చింది. బ్రా అంచుకీ బెల్ట్‌కీ మధ్య చర్మం లేచిపోయింది. ఎడమ రొమ్ము కింద రెండు వేళ్ళ వెడల్పున పచ్చిపుండు. తొమ్మిది రోజులు పట్టింది మానడానికి. ఆఫీసులో కుర్చీకి ఆనుకోలేకపోయాను. నెల తర్వాత వాచ్ ఒక్కటే పెట్టుకుని మా రన్నింగ్ గ్రూపుకి వెళ్తే కోచ్ అందరి ముందూ, బెల్ట్ లేనివాళ్ళు వెనక నడిచే బ్యాచ్‌లోకి వెళ్ళండి, మీకు ట్రైనింగ్ అవసరం లేదు అన్నాడు. ఆ గ్రూపు మానేశాను. మానేశాక చేసినవే మిగతా రెండు హాఫ్‌లు.

బెల్ట్ కుదరని ఒళ్ళున్నవాళ్ళు సగం మంది ఉంటారు ఈ ఊళ్ళో. వాళ్ళు సీరియస్ కాదా?

అనంతపురం సైకిల్ (మంగళవారం, మధ్యాహ్నం 2:41)

అక్కా, ఆ కోచ్‌ది ముమ్మాటికీ తప్పు.

నిర్వాహకులు (మంగళవారం, మధ్యాహ్నం 3:00)

దయచేసి ఒకరినొకరు అనుకోవడం ఆపండి. అడిగినాయన ఇంకా ఇక్కడే ఉన్నారు.

నంది రెండుసార్లు (మంగళవారం, రాత్రి 9:15)

అక్కా, క్షమించండి. ఆ మాట అనకూడదు. పొద్దుటి నుంచి నేను ఎందుకిలా పట్టుపడుతున్నానో కూడా చెప్పాలి.

మా బావ. 2022, ఫిబ్రవరి. ఇక్కడే ఒక జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద ఉన్నాడు. పక్క మిషన్ మీద నేను. ఎడమ చెయ్యి లాగుతోంది రా అన్నాడు. చేతికి వాచ్ ఉంది, చూసుకున్నాడు, 96. 'తొంభై ఆరే కదా, బాగానే ఉంది' అని నాకు కూడా తిప్పి చూపించాడు. నేనూ సరే అన్నాను. ఇంకో పది నిమిషాలు నడిచాడు. మెట్లు దిగుతూ కూర్చుండిపోయాడు. రెండు స్టెంట్లు వేశారు. బతికాడు. ఆ తొంభై ఆరు ఇప్పటికీ నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఆ వాచ్ సరైన అంకె చూపించి ఉంటే ఆపేవాడిని.

లాల్‌బాగ్ అక్క (మంగళవారం, రాత్రి 9:50)

మీ బావగారు బతికారు, అది చాలు బాబూ. నిజంగా.

కానీ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను, కోపంతో చెప్పడం లేదు. ఆ 96 నిజమే అయి ఉండొచ్చు. రక్తనాళం మూసుకుపోతుంటే గుండె వేగం పెరిగి తీరాలని లేదు. ఆ రోజు ఆయన ఛాతీకి బెల్ట్ కట్టుకుని ఉన్నా 96 అనే చూపించి ఉండొచ్చు. చెయ్యి లాగుతోందన్నప్పుడే ఆపాలి. మీరు సరైన అంకె ఉంటే కాపాడుతుందంటున్నారు, ఆ పని ఏ అంకె వల్లా కాదంటున్నాను నేను. పొద్దుటి నుంచి మనిద్దరికీ గొడవ దీని మీదేనేమో, బెల్ట్ మీద కాదు.

నంది రెండుసార్లు (మంగళవారం, రాత్రి 11:30)

రెండు గంటలుగా ఆలోచిస్తున్నాను. ఒప్పుకోవడం కష్టంగా ఉంది. అంకె తప్పు అనుకుంటే వాచ్‌ది తప్పు అవుతుంది. అంకె నిజమైతే, సరే అన్న నాది.

లాల్‌బాగ్ అక్క (మంగళవారం, రాత్రి 11:34)

మీది కాదు. ఆ రోజు మీకు తెలియదు.

మాత్రల కొట్టు (బుధవారం, ఉదయం 7:20)

బ్రూక్‌ఫీల్డ్ అన్నా, మూడోసారి అడుగుతున్నా, దయచేసి చెప్పండి. బీపీకి ఏ మాత్ర వాడుతున్నారు, ఎప్పటి నుంచి?

బ్రూక్‌ఫీల్డ్ నాన్న (బుధవారం, ఉదయం 8:05)

అయ్యో, మీ ప్రశ్న నేను చూడనేలేదు, క్షమించండి. ఇప్పుడే స్ట్రిప్ తీసి చూశాను, మెటోప్రొలాల్ అని ఉంది. మూడు వారాలైంది. చెకప్ అయ్యాక మా వీధి చివర క్లినిక్‌లో వేరే డాక్టరు గారు రాశారు. ఎందుకడిగారు?

మాత్రల కొట్టు (బుధవారం, ఉదయం 8:30)

అది బీటా బ్లాకర్ అన్నా. అది గుండె వేగాన్నే తగ్గిస్తుంది. ఎంత కష్టపడినా గుండె వేగాన్ని మామూలంత పైకి వెళ్ళనివ్వదు. అంటే నందిలో 104 అన్నది మనం అనుకున్నంత తప్పు కాకపోవచ్చు. మీకు ఆ రోజు నిజంగానే 120 దాటి ఉండకపోవచ్చు. 220 లెక్క, 208 లెక్క, రెండూ ఈ మాత్ర వేసుకోని వాళ్ళకి.

ఇంకా ముఖ్యం, 150 అని చెప్పిన డాక్టరుకి ఈ మాత్ర సంగతి తెలియదు. మాత్ర రాసిన డాక్టరుకి మీరు నంది ఎక్కుతున్నట్టు తెలియదు. మీరు '150 దాటలేదు కదా' అనుకుని మాట రాని దాకా ఎక్కుతారు. మాత్ర రాసినాయన దగ్గరికి వెళ్ళి అన్నీ చెప్పండి. మీ అంతట మీరు మాత్ర మానకండి, ఈ రకం ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం.

నేను మందుల కొట్టువాణ్ణి, డాక్టరును కాను. అందుకే వెళ్ళమంటున్నాను.

నంది రెండుసార్లు (బుధవారం, ఉదయం 8:52)

సోమవారం రాత్రి 104 తప్పు అని రాసింది నేనే. అడగకుండా రాశాను. మీరు పదకొండున్నరకే అడిగారు, మేమిద్దరం కొట్టుకుంటూ చూడలేదు.

అనంతపురం సైకిల్ (బుధవారం, ఉదయం 9:10)

ఊపిరి అబద్ధం చెప్పలేదప్పా ఆ రోజు. నోట మాట రాలేదన్నాడు కదా అన్న.

లాల్‌బాగ్ అక్క (బుధవారం, ఉదయం 9:25)

తమ్ముడూ, ఇవాళే వెళ్ళండి. వాచ్ సంగతి తర్వాత.

బ్రూక్‌ఫీల్డ్ నాన్న (గురువారం, రాత్రి 9:40)

వెళ్ళొచ్చాను. మా ఆవిడ కూడా వచ్చింది. 150 మాట పక్కన పెట్టెయ్యండి, ట్రెడ్‌మిల్ పరీక్ష చేశాక మీ హద్దు ఎంతో చూద్దాం అన్నారు డాక్టరు గారు. వచ్చే బుధవారం పరీక్ష. అప్పటిదాకా కొండలు వద్దు, పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత మెల్లగా నడక, పరుగు మాత్రమే. ఛాతీలో బరువు, చెయ్యి లాగడం, తల తిరగడం, ఏదైనా అనిపిస్తే వాచ్ చూడకుండా ఆగమన్నారు.

పరీక్షలో నా హద్దు తేలాక మాత్రం దాన్ని చూసుకోవడానికి సరైన కొలత కావాలి కదా. కొనే ముందు ఎవరి దగ్గరైనా బెల్ట్ ఒక్కసారి పెట్టుకుని చూడొచ్చా?

నంది రెండుసార్లు (గురువారం, రాత్రి 10:00)

ఆదివారం ఆరున్నరకి కబ్బన్ పార్క్‌కి రండి, ఆ రోజు లోపల బండ్లు ఉండవు. నా పాత బెల్ట్ తెస్తాను. అక్కా, మీరూ రండి. మోచేతికి పైన కట్టుకునే బ్యాండ్ ఒకటి మా స్నేహితుడి దగ్గర ఉంది, అడిగి తెస్తాను. అదీ వెలుగుతో పనిచేసేదే. కానీ అక్కడ కండ ఉంటుంది, మణికట్టంత ఊగదు, హ్యాండిల్ పట్టుకున్నా వంగదు. ఛాతీ దగ్గర ఒరుసుకోదు. నేను మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

లాల్‌బాగ్ అక్క (గురువారం, రాత్రి 10:11)

వస్తాను.

బ్రూక్‌ఫీల్డ్ నాన్న (ఆదివారం, ఉదయం 11:20)

ముగ్గురం కలిశాం. మెల్లగా పరుగెత్తుతూ, మా అమ్మాయి పక్కన ఫోన్‌లో రాసుకుంటూ, నాలుగు కొలతలు తీశాం. పన్నెండో నిమిషంలో మణికట్టు బ్యాండ్ 168, ఛాతీ బెల్ట్ 117, మోచేతి పైన బ్యాండ్ 118. అక్క నన్ను అక్కడికక్కడే ఆపి మెడ దగ్గర వేళ్ళు పెట్టి పది సెకన్లు లెక్కపెట్టారు, 19. ఆరుతో హెచ్చవేస్తే 114. బ్యాండ్‌ని రెండు వేళ్ళు పైకి జరిపి బిగించి మళ్ళీ పరుగెత్తితే ఐదారు నిమిషాలు 120 దగ్గర సరిగ్గా చూపించి, మళ్ళీ 165కి ఎగిరిపోయింది. మా ఆవిడ బెంచీ మీద కూర్చుని అన్నీ చూసింది. ఇంటికొస్తూ, ఆ 171 నీ కాళ్ళదా అని అడిగింది. నెల రోజుల తర్వాత నవ్వింది.

మోచేతి పైన కట్టేదే కొందామనుకుంటున్నాను, బుధవారం పరీక్ష అయ్యాక. అప్పటిదాకా మీ బెల్ట్ నా దగ్గర ఉంచుకోవచ్చా?

లాల్‌బాగ్ అక్క (ఆదివారం, ఉదయం 11:45)

నేను కూడా అదే ఆర్డర్ పెట్టాను. పరుగులో అక్కడ కట్టుకున్నట్టే తెలియలేదు.

నంది రెండుసార్లు (ఆదివారం, మధ్యాహ్నం 12:10)

ఉంచుకోండి అన్నా. లోపల సీఆర్2032 బ్యాటరీ ఉంది, మొన్ననే మార్చాను. వాడాక ముందున్న గుండ్రటి పాడ్‌ని పట్టీ నుంచి విప్పి తుడిచి పెట్టండి. తడి పట్టీకే వదిలేస్తే అది ఇంకా ఒంటి మీదే ఉందనుకుని బ్యాటరీ అవగొడుతుంది. బుధవారం పరీక్ష అవగానే ఇక్కడ రాయండి.